ఎస్‌యూవీ టైర్లు: ఎంపిక, ఆయుష్షు

ప్రతి టైరు మీదా అది పుట్టిన వారం అచ్చయి ఉంటుంది. సైడ్‌వాల్ మీద ‘డాట్’ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర, చిన్న కోలగడిలో నాలుగంకెలు కనిపిస్తాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో ఆ టైరు అచ్చులోంచి బయటికి వచ్చిందన్నమాట. 2000కు ముందు తయారైనవాటికి మూడంకెలే ఉండేవి. పూర్తి వరస టైరుకు ఒకవైపు ఉంటే చాలు కాబట్టి, బిగించేటప్పుడు ఆ వైపు లోపలికి పోతే బండి కింద టార్చి వేసి వెతికితే తప్ప తేదీ దొరకదు. బీమా గడువు, సర్వీసు కిలోమీటర్లు నోటికి చెప్పగల యజమానులు కూడా చాలామంది ఈ నాలుగంకెల జోలికి పోరు.

టైరుకు రెండు వయసులు. ఒకటి తిరిగిన కిలోమీటర్లది. అరిగిన ట్రెడ్ మీద కళ్లకు కనబడుతుంది. రెండోది గడిచిన ఏళ్లది. రబ్బరు లోలోపల గట్టిపడిపోతుంది, పైకి పెద్దగా తెలియదు. ఏది ముందు నిండితే టైరు ఆయుష్షు అక్కడితో సరి. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే టాక్సీ ఇన్నోవాకు మొదటిది ముందు నిండుతుంది. అపార్టుమెంటు కింద వారమంతా నిలబడి పండక్కీ పెళ్లిళ్లకీ మాత్రమే ఊరెళ్లే బండికి రెండోది నిండుతుంది. మన దేశంలో అమ్ముడుపోయే ప్రయాణికుల వాహనాల్లో సగానికి పైగా ఇప్పుడు ఎస్‌యూవీ తరహావే. వాటిలో ఈ రెండో రకం వాడకం తక్కువేమీ కాదు.

ఎక్స్‌ప్లోరర్, ఫైర్‌స్టోన్

ఎస్‌యూవీ టైర్ల గురించి ప్రపంచానికి ఉన్న జ్ఞానంలో పెద్ద భాగం ఒక విషాదం నుంచి వచ్చింది. 1990లలో అమెరికాలో బాగా అమ్ముడైన ఎస్‌యూవీ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్. దానికి కంపెనీ నుంచే ఫైర్‌స్టోన్ టైర్లు వచ్చేవి. సైజు 235/75 ఆర్15. హైవే మీద వేగంగా వెళుతుండగా ట్రెడ్ మొత్తం అట్టలా ఊడిపోవడం, ఎత్తయిన బండి అదుపు తప్పి పల్టీలు కొట్టడం మళ్లీ మళ్లీ జరిగాయి. టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లోనూ, విదేశాల్లో వెనెజువెలా, సౌదీ అరేబియాల్లోనూ ఈ ప్రమాదాలు ఎక్కువ. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లోని ఒక టీవీ చానల్ ఈ సంగతి బయటపెట్టింది. ఆ ఏడాది ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. మరుసటి ఏడాది మే నెలలో ఫోర్డ్ తన ఖర్చుతో మరో కోటీ 30 లక్షల టైర్లు మారుస్తానని ప్రకటించింది. ఈ టైర్లతో ముడిపడిన మరణాలు 271 అని అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కతేల్చింది.

టైరు నిర్మాణంలో లోపం ఉందని, ఉక్కు తీగల పట్టీల మధ్య రబ్బరులో మొదలైన పగులును అది ఆపలేకపోయిందని 2001లో ఆ సంస్థ నిర్ధారించింది. గాలి సంగతి దగ్గర రెండు కంపెనీలూ తగవు పడ్డాయి. ఎక్స్‌ప్లోరర్‌కు 26 పీఎస్ఐ చాలని ఫోర్డ్ సిఫారసు చేసింది. ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది. అంకెల్లో తేడా నాలుగే. గాలి తగ్గిన టైరు మాత్రం తిరిగిన ప్రతి చుట్టులోనూ ఎక్కువ నలుగుతుంది. వంగిన రబ్బరు తిరిగి నిటారయ్యేటప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు. మిగిలింది వేడిగా మారుతుంది. పైన మండే ఎండ, కింద కాలే రోడ్డు, లోపల పుట్టే ఈ వేడి, మీద నిండా సామాను. నాలుగూ కలిసిన చోట అప్పటికే బలహీనంగా ఉన్న అతుకు విడిపోయింది. ఈ రెండు కంపెనీలది హార్వే ఫైర్‌స్టోన్ 1906లో హెన్రీ ఫోర్డ్‌కు టైర్లు అమ్మడంతో మొదలైన బంధం. 1947లో ఇరు కుటుంబాలూ వియ్యమందాయి కూడా. 2001 మేలో ఆ 95 ఏళ్ల వ్యాపార బంధం తెగిపోయింది.

ఆ ఉదంతం వల్లే అమెరికాలో ట్రెడ్ చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే ప్రతి తేలికపాటి వాహనానికీ టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరైంది. ఈ రోజు మన ఎస్‌యూవీల మీటరు పక్కన వెలిగే చిన్న పసుపు దీపం ఆ చావుల తర్వాతే ఇంతగా వ్యాపించింది. అది వెలిగితే తర్వాత చూద్దాంలే అనుకుని సాగిపోవడం క్షమించరానిది.

టైరు మీది రాత

మార్చాల్సిన రోజు వచ్చినప్పుడు ముందు చదవాల్సింది కంపెనీ పేరు కాదు, సైజు. 235/65 ఆర్17 104హెచ్ అన్న రాతనే చూద్దాం. 235 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. ఆర్ అంటే రేడియల్; మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకున్న ఈ నిర్మాణంలో లోపలి తాళ్లు అంచు నుంచి అంచుకు అడ్డంగా సాగుతాయి. 17 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఒకే రాతలో మిల్లీమీటరు, శాతం, అంగుళం కలిసి ఉండడం టైర్ల లోకంలోనే చూస్తాం.

చివరనున్న 104హెచ్ మీదే ఎస్‌యూవీ యజమాని కన్ను ఆగాలి. 104 అంటే ఒక్కో టైరు 900 కిలోల దాకా మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగానికి పనికొస్తుంది. టీ అయితే 190, వీ అయితే 240. బరువు సూచిక 100 అయితే 800 కిలోలు, 108 అయితే 1,000. టయోటా ఫార్చ్యూనర్ ఖాళీగానే సుమారు రెండు టన్నులు ఉంటుంది. అందులో ఏడుగురు ఎక్కి, పైన సామాను కట్టి, ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు నొక్కితే బరువులో ఎక్కువ భాగం ముందు టైర్ల మీదికి వచ్చి పడుతుంది. అసలు టైరు కన్నా సూచిక తక్కువున్నది అదే సైజులో చవగ్గా దొరికిందని వేయించుకునేవాళ్లు ఆ క్షణానికి ఉండాల్సిన బలాన్నే వదులుకుంటున్నారు. సూచిక సమానంగానో ఎక్కువగానో ఉండాలి. తక్కువ మాత్రం ఉండకూడదు.

సైజు పెంచుకోవాలనే మోజుకు కూడా ఒక లెక్క ఉంది. మహీంద్రా ఎక్స్‌యూవీ700 కొన్ని మోడళ్లలో 235/65 ఆర్17తో, కొన్నిటిలో 235/60 ఆర్18తో వచ్చింది. రిమ్ము అంగుళం పెరిగింది, సైడ్‌వాల్ ఆ మేరకు తగ్గింది. మొత్తం వ్యాసం మొదటిదానికి 737 మిల్లీమీటర్లు, రెండోదానికి 739. స్పీడోమీటరు, గేర్లు, ఏబీఎస్ అన్నీ ఆ వ్యాసాన్ని నమ్ముకుని పనిచేస్తాయి గనుక ఇంజినీర్లు దాన్ని కదలనివ్వలేదు. బయట మార్చుకునేవాళ్లకు వ్యాసంలో మూడు శాతం మించి తేడా రాకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. రిమ్ము పెద్దదై సైడ్‌వాల్ పలచబడితే బండి చూడముచ్చటగా ఉంటుంది. కానీ వర్షాకాలం గుంతలో పడినప్పుడు దెబ్బను మింగే రబ్బరు తగ్గిపోయి, లోపలి తాళ్లు తెగి, సైడ్‌వాల్ మీద గుబ్బ లేస్తుంది. గుబ్బ లేచిన టైరుకు మరమ్మతు లేదు.

ఏ దారికి ఏ టైరు

అమ్మకందార్లు ఎస్‌యూవీ టైర్లను మూడు రకాలుగా చెబుతారు: హెచ్‌టీ, ఏటీ, ఎంటీ. మొదటిది తారు రోడ్డుకు, రెండోది అన్ని దారులకు, మూడోది బురదకు. ఏటీ రకానికి పేరు తెచ్చినవాటిలో బీఎఫ్ గుడ్రిచ్ 1976లో విడుదల చేసిన రేడియల్ ఆల్ టెరైన్ ఒకటి. దాని గుబ్బల ట్రెడ్ నేటికీ జీపుల అందానికి గుర్తు.

ఆ అందానికి ఖరీదు ఉంది. ట్రెడ్ దిమ్మలు పెద్దవి, వాటి మధ్య ఖాళీలు వెడల్పు కాబట్టి తారు రోడ్డు మీద తగిలే రబ్బరు తగ్గుతుంది. హోరు పెరుగుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఇంకొంచెం దూరం పోతుంది, ఇంధనం కొంత ఎక్కువ తాగుతుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు, తిరుపతి నుంచి చెన్నైకి తిరిగే క్రెటాకో హ్యారియర్‌కో ఏటీ టైర్లు వేయించడం వల్ల ఒరిగేది చూపు తప్ప మరొకటి లేదు. అరకు, మారేడుమిల్లి ఘాట్ రోడ్లు కూడా తారు రోడ్లే. పొలం గట్ల వెంట, రాళ్ల దారుల్లో నిజంగా నిత్యం తిరిగే థార్, బొలేరో యజమానుల సంగతి వేరు. పదునైన రాయిని తట్టుకునే మందపు సైడ్‌వాల్ వాళ్లకు అక్కరకొస్తుంది. ఇక కర్నూలు, ఆదిలాబాదు వైపు నల్లరేగడి తడిసిందంటే ఖాళీలన్నీ జిగట మన్నుతో పూడి ఏటీ టైరు కూడా నున్నటి బండలా తయారవుతుంది. అక్కడివాళ్లు వాన వెలిసి నేల ఆరేదాకా ఆగుతారు. అది టైరు కన్నా నమ్మకమైన ఉపాయం.

అమెరికాలో, కెనడాలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఎదురయ్యే ప్రశ్న వేరు. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల దిగువకు పడితే మామూలు రబ్బరు బిగుసుకుపోయి పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. మూడు శిఖరాల కొండ మీద మంచు రేకు ఉన్న గుర్తు దానికి ఆనవాలు. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అలాంటి టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఎస్‌యూవీ ఉంది కదా, ప్రత్యేక టైర్లెందుకన్న భ్రమ మంచు ప్రాంతాలకు కొత్తగా వెళ్లినవాళ్లలో ఉంటుంది. ఆ శక్తి బండి కదలడానికే సాయం చేస్తుంది. ఆగడానికి ఉన్నది టైరు పట్టు ఒక్కటే.

ఎన్ని కిలోమీటర్లు

కొత్త టైరులో గాడుల లోతు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 94వది ప్రకారం కార్లకు 1.6 మిల్లీమీటర్ల లోతు మిగలాలి. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా పోసిన చిన్న రబ్బరు మెట్లు ఆ ఎత్తుకే ఉంటాయి. సైడ్‌వాల్ అంచున ఉన్న త్రిభుజం గుర్తు అవి ఎక్కడున్నాయో చూపిస్తుంది. ట్రెడ్ అరిగి ఆ మెట్లతో సమమైతే టైరు పని అయిపోయినట్టే. వానల్లో ఎక్కువ తిరిగేవాళ్లు మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం మేలు. గాడి ఉన్నది నీళ్లను పక్కకు తోయడానికి. లోతు తగ్గేకొద్దీ ఆ పని మందగించి, ఒకానొక వేగం దాటాక బండి నీటి పొర మీద తేలిపోతుంది. నిండా నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఆ వేగం గాలి పీడనాన్ని బట్టి మారుతుందని 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా విమానాల టైర్ల మీద తేల్చింది. ఆ సూత్రం ప్రకారం 36 పీఎస్ఐ దగ్గర గంటకు సుమారు 100 కిలోమీటర్లు, 25 పీఎస్ఐ దగ్గర 83. కారు టైరుకు ఇది ఉజ్జాయింపే. అయినా గాలి తగ్గితే పట్టు ఎటు పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన రోడ్ల మీద ఎస్‌యూవీ టైరు సాధారణంగా 40 వేల నుంచి 60 వేల కిలోమీటర్లు వస్తుంది. ఒకే బ్రాండు, ఒకే సైజు టైర్లు ఒకరికి 30 వేలకే గుండై, ఇంకొకరికి 70 వేలు రావడమూ ఉంది. ఈ అంతరంలో ఎక్కువ భాగం గాలిదే. ఎంత పట్టించాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద అచ్చయిన గరిష్ఠ పీడనం అది కాదు. స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు, అంటే బండి కదలకముందు కొలవడానికి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే పీడనం ఒక పీఎస్ఐ పెరుగుతుంది. అందుకే వంద కిలోమీటర్లు పోయాక కొలిచి ఎక్కువైందని గాలి తీసేయిస్తే, తెల్లారేసరికి టైరు నీరసపడి ఉంటుంది. గాలి తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే నడిమి భాగమూ అరుగుతాయి. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పిందని అర్థం. అలాంటి బండికి కొత్త టైర్లు వేసి అలైన్‌మెంట్ చేయించకపోతే అవీ అదే దారి పడతాయి. ముందుచక్రాలతో నడిచే బండిలో ముందు టైర్లు త్వరగా అరుగుతాయి కాబట్టి ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చాలి. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలు బ్యాటరీ వల్ల బరువెక్కువ, కదలగానే ఇచ్చే లాగుడూ ఎక్కువ. వాటి టైర్లు ఇంకాస్త త్వరగా అరుగుతాయి.

అమెరికాలో అమ్మే చాలా కారు టైర్ల మీద ట్రెడ్‌వేర్ అన్న అంకె తప్పనిసరి. టెక్సాస్‌లోని శాన్ యాంజెలో దగ్గర 400 మైళ్ల దారిలో బండ్లను వరసగా మొత్తం 7,200 మైళ్లు నడిపి, ప్రామాణిక టైరుతో అరుగుదలను పోల్చి ఈ అంకె ఇస్తారు. ప్రామాణికం 100 అయితే 400 అంటే దానికి నాలుగింతలు మన్నాలి. ఇది కిలోమీటర్లకు హామీ కాదు. పైగా ఏ కంపెనీ టైరుకు ఆ కంపెనీయే అంకె వేసుకుంటుంది.

ఎన్నేళ్లు

గాలిలోని ఆక్సిజన్ టైరు లోపలి రబ్బరును నెమ్మదిగా గట్టిపరుస్తుంది. వేడి ఆ పనిని తొందర చేస్తుంది. బయట సన్నటి పగుళ్లు కనిపించేసరికి లోపల పట్టీల మధ్య అతుకు ఎంత మిగిలిందో చెప్పలేం. 2002 నుంచి 2006 వరకు ఒక పెద్ద బీమా సంస్థకు వచ్చిన టైరు క్లెయిములను అమెరికా రహదారి భద్రతా సంస్థ ఉదహరించింది. పాలసీదార్లలో 27 శాతమే ఉన్న ఐదు వేడి రాష్ట్రాల నుంచి 77 శాతం క్లెయిములు వచ్చాయి. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం ఎండలు ఎరిగినవాళ్లకు ఈ లెక్క పరాయి దేశానిదిగా తోచదు.

ట్రెడ్ నిండుగా ఉన్న టైరు కూడా చంపగలదని బ్రిటన్‌కు 2012 సెప్టెంబరులో తెలిసింది. సంగీతోత్సవం నుంచి తిరిగి వస్తున్న బస్సు సర్రే ప్రాంతంలో ముందు టైరు పేలి చెట్టును గుద్దింది, ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు దాటింది. మృతుల్లో ఒకరి తల్లి ఏళ్ల తరబడి పోరాడాక, 2021 ఫిబ్రవరి నుంచి లారీలు, బస్సుల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు వాడరాదని అక్కడ నిబంధన వచ్చింది. కార్లకు అలాంటి చట్టం లేదు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకు మార్చమంటాయి; ఎంత బాగున్నా పదేళ్లు దాటనివ్వొద్దని మిషెలిన్ లాంటి టైరు కంపెనీలు చెబుతాయి. ఎండలో నిలబడే మన ఎస్‌యూవీలకు ఆరేళ్ల మాట పట్టుకోవడమే సబబు.

కొట్టులో

కొనేచోట ఐఎస్ఐ ముద్ర, తయారీ వారం చూడాలి. గోడౌనులో రెండేళ్లు పడి ఉన్న టైరుకు కొత్త ధర ఇవ్వనక్కర్లేదు. తడిరోడ్డు మీద పట్టు, దొర్లుడు నిరోధం, శబ్దం ఈ మూడింటికీ ఏఐఎస్ 142 ప్రమాణం 2022 అక్టోబరు నుంచి కొత్త డిజైన్లకు, తర్వాతి ఏడాది పాతవాటికి వర్తించింది. కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది.

రెండే మార్చే స్థోమత ఉంటే కొత్తవి వెనక్కి వేయాలి. ముందు చక్రాలు తిప్పేవి కదా అని చాలామంది కొత్తవి ముందుకు వేయించుకుంటారు. తడి రోడ్డు మీద ముందు పట్టు తప్పితే డ్రైవరుకు స్టీరింగులో తెలుస్తుంది, వేగం తగ్గించుకుంటాడు. వెనక పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది. ఎత్తయిన ఎస్‌యూవీకి అది మరీ ప్రమాదం. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే బండిలో పాతకొత్తల వ్యాసం తేడా గేర్లను అరగదీస్తుంది గనుక నాలుగూ కలిపి మార్చడమే పద్ధతి. ఆర్టీసీ బస్సుల టైర్లను రీట్రెడింగ్ చేసి వాడడం పాత అలవాటు; ఎస్‌యూవీ టైర్లకు ఆ ఆచారం లేదు. అరిగిన టైరులో వేడి కత్తితో కొత్త గాడులు కోసి సెకండ్ హ్యాండ్‌గా అమ్మేవాళ్లు మాత్రం ఉన్నారు. ఆ కోత ఉక్కు తీగల దాకా పోతుంది. అలాంటి టైరు ఎంత చవకైనా ముట్టుకోకూడదు.

స్టెప్నీ

మన మెకానిక్కులు అదనపు చక్రాన్ని పిలిచే ఈ పేరు వేల్స్‌లోని లనెల్లీ పట్టణం నుంచి వచ్చింది. అక్కడి స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు 1904లో తయారుచేసిన అదనపు చక్రం పేరు అది. ఇంగ్లండు ఆ మాటను ఎన్నడో మరిచిపోయింది; మన హైవేల పంక్చరు షాపుల్లో రోజూ వినిపిస్తుంది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక, పంక్చరు కిట్ ఉన్న 3.5 టన్నుల లోపు కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020 జూలైలో కేంద్రం సడలింపు ఇచ్చింది. కిట్ ట్రెడ్‌లో దిగిన మేకుకు పనికొస్తుంది, చిరిగిన సైడ్‌వాల్‌కు కాదు.

క్రెటా లాంటి బండ్ల కొన్ని మోడళ్లలో స్టెప్నీ రోడ్డు మీది టైర్ల కన్నా చిన్న సైజులో వస్తుంది. దాన్ని గంటకు 80 లోపు వేగంతో పంక్చరు షాపు దాకా వెళ్లడానికే ఉంచారు. స్కార్పియో, ఫార్చ్యూనర్‌లలో అది బండి కింద వేలాడుతూ దుమ్మూ బురదా సైలెన్సరు వేడీ భరిస్తుంది. ఒక్కసారి కూడా నేల తాకకుండా దాని రెండో వయసు నిండిపోతూ ఉంటుంది. నాలుగు కొత్త టైర్లు వేయించుకున్న రోజున కొట్టువాడి చేత దాన్ని కిందికి దింపించి, గాలి కొలిపించి, ఆ నాలుగంకెలు తుడిచి చదవడానికి పది నిమిషాలు పడుతుంది.